మే నెలలో ఆ కుందేళ్లు ఎవరి దగ్గర ఉంటాయి?

ప్రశ్న: సార్, నమస్తే. నేను నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీల ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్న. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇద్దరు దోస్తులతోని కలిసి రామగిరి దిక్కు ఒక పోర్షన్ కిరాయికి తీసుకొని ఉంటున్నం. హైదరాబాద్‌ల దిక్కులేని జంతువులను కాపాడే ఒక గ్రూపు దగ్గర రెండు కుందేళ్లున్నయి. ఒక కుటుంబం ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెల పెట్టి అపార్ట్‌మెంట్ మెట్ల కింద వదిలిపెట్టి పోయిందట. ఒకటి ఆడది, ఒకటి మగది, మూడేండ్లవి. మగదానికి పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ అయింది, ఆడదానికి కాలేదు. మేం సాదుకుంటమని ఫారం నింపితే "విద్యార్థులకు, బ్యాచిలర్లకు ఇవ్వం" అని ఒక్క ముక్కల తిప్పి పంపిండ్రు. మా ఇంటామె ఒప్పుకున్నది. ఖర్చు ముగ్గురం పంచుకుంటం. కుక్కను అడగలేదు, ఆవును అడగలేదు, ఇంత చిన్న ప్రాణానికి కూడా మేం పనికిరామా? ఇల్లున్నోళ్లే మెట్ల కింద వదిలిపెట్టి పోయిండ్రు గదా, ఇల్లు లేదని మమ్మల్ని వద్దనుడు ఏం న్యాయం? మా అమ్మనేమో "సదువుకోను పోయినవా, చెవులపిల్లులను సాదను పోయినవా" అంటున్నది. ఇంకో మాట. మా ఊర్ల గొర్లు కాసే తాత ఒకాయన "పట్నంల కుందేళ్లు ఎందుకు బిడ్డా, మన చేన్లకెల్లి ఒక పిల్లను పట్టిస్త" అంటున్నడు. తీసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, నల్లగొండ

జవాబు: బిడ్డా, తాత మాటకు ముందు జవాబు చెప్పి పక్కన పెడతాను, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. వద్దు. మన చేన్లలో, గుట్టల మీద ఉరికే చెవులపిల్లి, పట్నంలో పెంచే కుందేలు ఒకటి కావు. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ జాతులు వేరు. పెంపుడు కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ దిక్కు. అవి బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికేవి, వాటి పిల్లలు కండ్లు మూసుకుని, ఒంటి మీద బొచ్చు లేకుండా పుడతాయి. మన చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డి దుబ్బు చాటున ఒదిగి పడుకుంటుంది. దాని పిల్ల పుడుతూనే కండ్లు తెరిచి, నిండా బొచ్చుతో ఉంటుంది. తల్లి దాన్ని అక్కడే దాచి మేతకు పోయి, రోజు మొత్తంలో ఒకటి రెండుసార్లు వచ్చి పాలిచ్చి వెళ్తుంది. ఒంటరిగా కనపడిన పిల్లకు తల్లి లేదనుకుని ఇంటికి తెచ్చి ఆవుపాలు పట్టేవాళ్లున్నారు. అట్లా తెచ్చిన పిల్లలు బతకడం అరుదు. పైగా చెవులపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పట్టుకోవడమూ నేరమే, ఇంట్లో పెట్టుకోవడమూ నేరమే. తాతకు నెమ్మదిగా చెప్పు. వినకపోతే ఫారెస్టోళ్ల పేరు చెప్పు, వింటాడు.

ఇక నీ అసలు ప్రశ్న. నీ కోపంలో న్యాయం ఉంది. నల్లగొండలో కిరాయి ఇంటి కోసం తిరిగినప్పుడు "ఫ్యామిలీలకు మాత్రమే" అన్న బోర్డులు ఎన్ని చూసి ఉంటావో నాకు తెలుసు. ఆ బోర్డు ఇప్పుడు కుందేళ్ల దగ్గర కూడా ఎదురైతే ఎవరికైనా మండుతుంది. నేను పశువుల దవాఖానలో పనిచేసినన్ని రోజులూ "ఇక మావల్ల కాదు సార్, మీరే ఉంచుకోండి" అని కుందేలును తెచ్చి టేబుల్ మీద పెట్టినవాళ్లలో ఎక్కువమంది సంసారులే. పిల్లవాడి పుట్టినరోజుకు హైదరాబాద్ పాతబస్తీలోని ముర్గీ చౌక్ బజారు నుంచి తెస్తారు. చేతిలో పట్టేంత ఉన్నప్పుడు ఫొటోలు దిగుతారు. నాలుగైదు నెలలకు అది పెద్దదై, సోఫా కొరికి, మూల మూలకూ ఉచ్చ పోయడం మొదలుపెడితే వాకిట్లోకి వస్తుంది, వాకిట్లోంచి మేడ మీదికి, మేడ మీద నుంచి నా టేబుల్ మీదికి. నువ్వు అడిగిన ఆ జంటను వదిలేసినవాళ్లు కూడా అట్లాంటి వాళ్లే అయి ఉంటారు. చట్టం ఏం చేసింది అంటావా? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం నేరమే. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏండ్లు దాటినా ఆ యాభై యాభైగానే ఉంది.

కాబట్టి "విద్యార్థి" అన్న ఒక్క మాట చూసి ఫారం పక్కన పడేయడం బద్ధకం అనే అంటాను. ఐదేండ్ల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసే ముప్పై ఏండ్ల మనిషీ విద్యార్థే. నల్లగొండలో అమ్మానాన్నల ఇంట్లో ఉండి, పొద్దున బస్సెక్కి కాలేజీకి పోయి సాయంత్రం ఇంటికొచ్చే అమ్మాయీ విద్యార్థే. హాస్టల్లో మంచం కింద పెట్టెలో పెంచుతానంటున్న పిల్లవాడూ విద్యార్థే. మొదటి ఇద్దరికీ ఇవ్వొచ్చు, మూడో వాడికి ఇవ్వొద్దు. తేడా వాళ్ల చదువులో లేదు, ఇంట్లో ఉంది.

మరి నీకు ఇవ్వొచ్చా? నేనైతే దత్తతకు ఇవ్వను. వాళ్లు చెప్పిన కారణం వేరు, నా కారణం వేరు. నాది మే నెల.

కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవడానికి దానికున్న ముఖ్యమైన దారి ఆ పొడుగు చెవులు, వాటిలోని సన్నటి రక్తనాళాలు. 15 నుంచి 20 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. 30 దాటితే ఇబ్బంది పడుతుంది, ఇంకా పెరిగితే వడదెబ్బ. నల్లగొండలో మే నెల ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలా? 44, 45 డిగ్రీలు మనకు వార్త కూడా కాదు. మీ పోర్షన్ పై అంతస్తులో ఉంటే పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండింటికి కూడా వేడి చిమ్ముతూనే ఉంటుంది. కూలర్ పెడతామంటారు. గాలి పొడిగా ఉన్నన్ని రోజులు పనిచేస్తుంది, నిజమే. కానీ కరెంటు పోయిన గంటలో, కూలర్‌లో నీళ్లయిపోయిన మధ్యాహ్నం, ఆ గదిలో మనిషి ఉండాలి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి, నేల మీద తడి గోనెసంచి పరవాలి, చెవులకు చల్లటి నీళ్లు అద్దాలి. చెవులు ఎర్రగా కాలిపోతూ, నోరు తెరిచి ఆయాసపడుతూ, మూతి చుట్టూ తడిగా కనబడితే ఇక దవాఖానకు ఉరకడమే. ఐస్ నీళ్లలో ముంచొద్దు, ఆ దెబ్బకే పోతుంది.

ఇప్పుడు ఆలోచించు. ఆ నెలలో నువ్వెక్కడ ఉంటావు? పరీక్షలు రాసి దేవరకొండ బస్సెక్కి ఉంటావు. నీ దోస్తులు వాళ్ల ఊళ్లకు పోయి ఉంటారు. కుందేలుకు ఏడాదిలో మనిషి అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యే నెల, మీ గదికి తాళం పడే నెల ఒకటే. లండన్‌లో చదువుకునే పిల్లకు ఈ చిక్కు ఇంతగా ఉండదు, అక్కడ వేసవి ఇట్లా ఉండదు. మన దక్షిణ తెలంగాణలో నల్లగొండ అయినా పాలమూరు అయినా విద్యార్థికి కుందేలు ఇవ్వడమా మానడమా అనేది ముందు ఈ ఒక్క ప్రశ్న మీద తేలాలి. మీ ఫారంలో ఆ ప్రశ్న ఉందో లేదో నువ్వు రాయలేదు. జవాబైతే నీ ఉత్తరంలో లేదు.

ఊరికి తీసుకుపోతానంటావా? ఎండకాలం మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో బుట్టలో కుందేళ్లను పెట్టుకుని పోవడం మాట వదిలేయ్, తెల్లవారి బస్సు పట్టుకున్నావే అనుకుందాం. ఇంటికి పోయాక? మన ఊళ్లలో చెవులపిల్లి అనగానే ముందు గుర్తొచ్చేది కూర. పెంపుడుది కదా అన్న తేడా మీ అమ్మకు తెలుస్తుంది, మీ నాన్నకు తెలుస్తుంది. పండుగకొచ్చిన మేనమామ మాత్రం "మూడు కిలోలు తూగుతదా?" అని అడుగుతాడు. నవ్వులాటకే అడుగుతాడనుకో. అయినా నువ్వు నిద్రపోయేటప్పుడు ఆ గది గొళ్లెం రెండుసార్లు చూసుకుంటావు. ఇది కాక వీధి కుక్కలు, పిల్లులు, ఇప్పుడు ఊరూరా కోతులు. కుందేలు పిరికి ప్రాణం. కుక్క దాన్ని ముట్టక్కర్లేదు, పంజరం చుట్టూ రెండు నిమిషాలు తిరిగినా భయంతో మేత మానేస్తుంది, అరుదుగా గుండె ఆగి చనిపోవడమూ ఉంటుంది. నల్లగొండలో మీరుండే చోట కూడా కోతులు వస్తూనే ఉంటాయి. బాల్కనీలో పంజరం పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

మేత మానడం అంటే ఏదో ఒక పూట పస్తు అనుకోవద్దు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, దానికి పీచు పోతూ ఉండాలి. దాని తిండిలో ఐదింట నాలుగు వంతులు ఎండుగడ్డి, పచ్చగడ్డే. 12 గంటలు ఏమీ ముట్టకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా అది అత్యవసరం. పొద్దున చూద్దాంలే అంటే పొద్దుటికి ఉండకపోవచ్చు. దాని నోట్లో పండ్లు (దంతాలు) కూడా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్టు, బిస్కెట్టు, అన్నం మెతుకులు పెట్టి పెంచిన కుందేలు పండ్లు వంకరపోయి, దవడలో గుచ్చుకుని తినలేక చస్తుంది. సినిమాల్లో బొమ్మల్లో ఎట్లా చూపించినా క్యారెట్టు దానికి మిఠాయి లాంటిది, ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలు.

మరి గడ్డి ఎక్కడిది? ఆన్‌లైన్‌లో టిమోతీ గడ్డి అని అమ్ముతారు, కిలో వందల్లో ఉంటుంది. ముగ్గురు విద్యార్థుల జేబుకు అది నెలనెలా బరువే. మన దగ్గర గరిక ఉంది, కుందేలుకు బంగారం లాంటి మేత. అయితే పత్తి చేన్ల గట్ల మీది గరిక కోయొద్దు, ఆ గట్ల మీద గడ్డిమందు కొడతారు. మందు కొట్టని చోటు చూసుకుని కోసి, కడిగి, నీడలో ఆరబెట్టుకుంటే ఎండుగడ్డీ మీకే తయారవుతుంది. కొత్తిమీర, పుదీనా, మెంతికూర కొంచెం కొంచెం పెట్టొచ్చు. వరిగడ్డి దండిగా దొరుకుతుంది కదా అని దాని మీదే పెంచొద్దు, కింద పరవడానికి పనికొస్తుంది గానీ అందులో సారం లేదు. సుబాబుల్ ఆకు మేకలు తింటాయని కుందేలుకు వేస్తే బొచ్చు రాలిపోతుంది, అందులోని మైమోసిన్ వల్ల. వయ్యారిభామను దగ్గరికి రానివ్వొద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ విషమే. నీళ్లు మీరు తాగేవే పెట్టండి, నల్లగొండ బోరు నీళ్ల కథ మీకు తెలియనిది కాదు.

"ఇంత చిన్న ప్రాణం" అన్నావు. అక్కడే పొరబడ్డావు. ఒళ్లు చిన్నదే, అవసరాలు చిన్నవి కావు. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసే రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ ఒక జంటకు కనీసం మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు చోటు ఉండాలంటుంది. మన లెక్కలో దాదాపు పదడుగులకు ఆరున్నర అడుగులు. మీ పోర్షన్‌లో వంటగది అంత ఉండదేమో! బజార్లో అమ్మే తీగల పంజరం దానికి రాత్రి పడకకు కూడా ఇరుకే. అడుగున తీగలుంటే అరికాళ్లకు పుండ్లు పడతాయి. గదిలో వదిలితే చార్జర్ వైర్లు, లాప్‌టాప్ తీగలు, నోట్సులు, అన్నీ కొరుకుతుంది. అది దాని తప్పు కాదు.

దవాఖాన సంగతి. నల్లగొండ పశువుల దవాఖానలో ఉన్న డాక్టర్లు చదువుకున్నవాళ్లే, కుందేళ్ల గురించి పుస్తకంలో చదివినవాళ్లే. కానీ రోజూ వాళ్ల చేతి కిందికి వచ్చేవి బర్రెలు, ఆవులు, గొర్లు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్యం బండి కూడా ముఖ్యంగా వాటి కోసమే. కుందేలు మీద చేయి తిరిగినవాళ్లు కావాలంటే వంద కిలోమీటర్ల అవతల హైదరాబాద్‌కే పోవాలి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖాన ఉంది, ప్రైవేటు క్లినిక్‌లు ఉన్నాయి. పోయే లోపు మందుల షాపుల వాళ్ల మాట విని రెండు తప్పులు చేయొద్దు. కుక్కలకు గోమారి కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కుందేలుకు ప్రాణాంతకం. మనుషులకు ఇన్ఫెక్షన్లకు ఇచ్చే యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ నోటి ద్వారా పడితే పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు చచ్చి, విరేచనాలు పట్టుకుని కుందేలూ చస్తుంది. మన దగ్గర కుందేళ్లకు ఎక్కువగా వచ్చేది గజ్జి. ముక్కు మీద, చెవుల అంచున, గోళ్ల దగ్గర తెల్లగా పొక్కు కడుతుంది. దానికి మంచి మందు ఉంది, డాక్టర్ తూకం చూసి ఇస్తే తగ్గుతుంది. సొంత వైద్యం వద్దు.

ఆడదానికి ఆపరేషన్ కాలేదన్నావు. ఇది మీరు గ్రూపును గట్టిగా అడగాల్సిన మాట. మగదానికి అయింది కాబట్టి పిల్లల భయం లేదు. అయితే ఆ ఆపరేషన్ జరిగి ఎన్ని రోజులైందో కనుక్కోండి, ఎందుకంటే కోసిన తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల దాకా మగదానికి పిల్లలు పుట్టించే సత్తువ ఉండొచ్చు. కుందేలు కడుపు మోసేది 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు. ఆ లెక్క తప్పితే దసరాకు రెండున్నవి సంక్రాంతికి ఎన్నవుతాయో నేను చెప్పలేను. పిల్లల మాట అటుంచినా, ఆపరేషన్ కాని ఆడ కుందేళ్లకు నాలుగేండ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ రావడం చాలా ఎక్కువ. ఇది మూడేండ్లది. ఇప్పుడే చేయించాలి, చేయించాల్సింది హైదరాబాద్‌లోనే, కుందేళ్లకు మత్తు ఇవ్వడం తెలిసిన చేతుల్లోనే. ఖర్చు వేలల్లో ఉంటుంది. మెట్ల కింద నుంచి తెచ్చి ఇంతకాలం సాకినవాళ్లు ఆ పని కూడా పూర్తి చేసి ఇస్తే బాగుంటుంది. లేదా ఖర్చులో మీరూ కొంత పడండి.

ఇంకో లెక్క. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేండ్లు బతుకుతుంది. ఈ రెండింటికి మూడేండ్లు అంటే ఇంకా ఐదు నుంచి తొమ్మిదేండ్లు మిగిలి ఉన్నాయి. నీ ఎమ్మెస్సీ వచ్చే ఏడాదికి అయిపోతుంది. ఆ తర్వాత? బీఈడీ కావొచ్చు, గ్రూప్స్ పరీక్షలంటూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక మంచానికి కిరాయి కట్టుకుని ఉండడం కావొచ్చు, ఉద్యోగం కావొచ్చు, పెళ్లి కావొచ్చు. అశోక్‌నగర్ గదిలో మనిషి కాళ్లు చాపుకోవడానికే చోటుండదు. పెళ్లి మాట ఎత్తినందుకు కోపం తెచ్చుకోకు. నా మనవరాలు అడిగినా ఇదే అడిగేవాణ్ని. అబ్బాయిలకు పెళ్లయితే అమ్మ ఇంటి కుందేలు అమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది, అమ్మాయి మాత్రం ఇల్లే మారిపోతుంది. అత్తగారింటికి చీరెలతో పాటు కుందేళ్లను తెస్తానంటే ఒప్పుకునే ఇల్లు దొరికితే సంతోషమే.

పైగా మీరు ముగ్గురు. "ముగ్గురం చూసుకుంటాం" అంటే వినడానికి బాగుంటుంది. మీలో ఒకరు గది మారినప్పుడు కుందేళ్లు ఎవరితో పోతాయి? జత కట్టిన కుందేళ్లను విడదీయకూడదు, ఒకటి తినడం మానేస్తుంది. నీకొకటి నాకొకటి అని పంచుకునే వీలు లేదు. ముగ్గురి పేర్లు రాసిన ఫారం కంటే ఒక్క పేరు రాసిన ఫారాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

ఇంతా చెప్పి నీ నోరు మూయించడం నా ఉద్దేశం కాదు. విద్యార్థుల దగ్గర ఉన్నది సంసారుల దగ్గర లేనిది ఒకటుంది. కుందేలు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ చురుగ్గా ఉంటుంది, నట్టనడి మధ్యాహ్నం పడుకుంటుంది. మీరు క్లాసులకు పోయేది అది పడుకునే వేళకు, మీరు గదికొచ్చేది అది లేచే వేళకు. ముగ్గురిలో ఎవరో ఒకరు గదిలో ఉంటారు. నేల మీద కూర్చుని చదువుకుంటారు, కుందేలుకు కావాల్సింది అదే, దాన్ని ఎత్తుకోవడం కాదు. ఎత్తుకుంటే అది తన్నుకుంటుంది, ఆ తన్నులో దాని వెన్నే విరగొచ్చు. నేల మీద కూర్చున్న మనిషి దగ్గరికి అదే వస్తుంది, వచ్చి గడ్డంతో రుద్ది తనదని గుర్తు పెట్టుకుంటుంది. ఎంత తిన్నది, ఎన్ని పెంటికలు వేసింది అని రోజూ చూసి రాసిపెట్టే ఓపిక సైన్సు చదివే పిల్లలకే ఉంటుంది. ఇంటి యజమానులకు అంత ఓపిక నేను చాలా అరుదుగా చూశాను.

అందుకే నా మాట: దత్తత అడగొద్దు, ఫోస్టరింగ్ అడుగు. అంటే కుందేళ్లు గ్రూపువే, శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా మీ దగ్గర ఉంటాయి. వానలు పడి చల్లబడ్డాక, జూలై ఆఖరుకో ఆగస్టుకో తీసుకోండి. మార్చి రెండో వారం లోపు, ఎండలు ముదరకముందే, హైదరాబాద్‌కు తిరిగి చేర్చండి. ఆ ఏడెనిమిది నెలలు వాటికి చోటు, మనిషి అలవాటు, మంచి మేత దొరుకుతాయి. గ్రూపు దగ్గర ఇంకో రెండింటికి జాగా దొరుకుతుంది. మీరు తీసిన ఫొటోలు, మీరు రాసిన అలవాట్ల వివరాలు చూసి వాటికి పక్కా ఇల్లు దొరకడమూ తేలికవుతుంది. ఈలోగా మీ ముగ్గురిలో ఎవరి ఇంట్లో అయినా అమ్మో నాన్నో "మా పేరు మీద రాసుకోండి, ఎండాకాలం మా దగ్గర చల్లటి గది ఉంది" అంటే అప్పుడు దత్తత మాట ఎత్తండి, నేనూ ఔననే అంటాను.

ఒక్క చిక్కు మిగిలింది, దాన్ని ముందే తెంచుకోండి. దసరా. సద్దుల బతుకమ్మ నాడు ముగ్గురిలో ఎవరు నల్లగొండలో ఉంటారు? ఎవరూ ఉండరు, ఉండమని నేను అడగను కూడా. సంక్రాంతీ అంతే. ఆ పది రోజులు కుందేళ్లను ఎవరు చూస్తారో ఫోస్టరింగ్ అడిగే ఉత్తరంలోనే రాయండి. గ్రూపు వాళ్లకే ఇచ్చి పోతారా, నల్లగొండలోనే ఇల్లున్న క్లాస్‌మేట్ ఉందా, ఇంటామె చూస్తుందా? గిన్నెలో నీళ్లు పోసి, గడ్డి కట్ట వేసి తాళం వేస్తామంటే మాత్రం కుదరదు, పైన చెప్పిన 12 గంటల లెక్క గుర్తుంది కదా.

ఆ గ్రూపు వాళ్లు ఇది చదువుతారో లేదో, చదివితే వాళ్లకూ ఒక మాట. "విద్యార్థులకు ఇవ్వం" అన్న ముక్క తీసేసి మూడు ప్రశ్నలు పెట్టండి: ఏప్రిల్, మే నెలల్లో కుందేలు ఏ గదిలో, ఎవరితో ఉంటుంది? మీరు ఊరు మారితే ఎవరి పేరు మీదికి మారుతుంది? అర్ధరాత్రి మేత మానేస్తే ఏ డాక్టర్ దగ్గరికి, ఏ బండిలో పోతారు? ఇవే ప్రశ్నలు సొంతిల్లున్న సంసారులను కూడా అడగండి. మెట్ల కింద అట్టపెట్టె పెట్టిన కుటుంబం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయి ఉండేది.

ఇంటామె ఒప్పుకున్నదన్నావు. నోటిమాటా, రాతా? నోటిమాట అయితే మొదటిసారి గోడ మూల ఉచ్చ వాసన వచ్చిన రోజున మారిపోతుంది. కిరాయి కాగితం వెనకే రెండు వాక్యాలు రాయించి సంతకం పెట్టించుకో: కుందేళ్లు రెండు, ఇన్ని నెలలు. వైరు కొరికితే, తలుపు చెక్క గీకితే డబ్బులు ఎవరు కట్టాలో కూడా అందులోనే రాసుకోండి. ఆ కాగితం ఫొటో తీసి గ్రూపుకు పంపే ఉత్తరానికి జత చేయి.